మూడు చుట్లు

బ్రాడీపేట నాలుగో లైన్లో
నిద్రగన్నేరు నడుము తుఫానుకి చీలింది.
పదింటికి కరెంటు తీస్తామన్నారు.
తీసింది పదకొండుకి.
ఆ గంటా
మా తమ్ముడు ఏసుపాదం
పంగలో కూచుని కాళ్ళూపుతూ బీడీ కాల్చాడు.
నేను కింద నైలాన్ మోకు విప్పి
మూరకి మూర తడుముకుంటూ పోయాను.
పోగు తెగితే చెయ్యి చెబుతుంది,
కన్ను చెప్పదు.

ఇంటాయన గేటు దగ్గర నిలబడి
"కింద మగాళ్ళెవరూ లేరా?" అన్నాడు.
పైన ఒకడున్నాడు కదండీ అన్నాను.

కొమ్మ దించడమంటే కండ బలం అనుకుంటారు.
మోకు ఒక కొస పైకి పోతుంది,
కోసే కొమ్మకన్నా ఎత్తున్న పంగలోంచి దూరి వచ్చి
కొమ్మకి జారుముడై బిగుసుకుంటుంది.
రెండో కొస నా చేతికి రాకముందే
మొదలు చుట్టూ తిరగాలి.
చేతిమందం కొమ్మకి ఒక చుట్టు.
తొడమందానికి రెండు.
మనిషంత కొమ్మకి మూడు.
ఆపైన బరువు నాది కాదు,
చెట్టుది.
తన కొమ్మని తనే దించుకుంటుంది.
నేను ఊరికే
ఎంత నిదానమో చెబుతుంటాను.

ఇది సైదులు మేస్త్రి నేర్పాడు,
తిట్టి నేర్పాడు.
"చుట్టలో కాలు పెట్టావంటే
నిన్నూ పైకి లాక్కుపోద్ది,
ఉట్టి మీద చట్టిలా వేలాడతావ్!"
పైనున్నోడు పిలిస్తే
పలక్కుండా మాత్రం ఉండకు అనేవాడు.
ఆయన చెవిటివాడు, చివరి రోజుల్లో.
అయినా పలికేవాడు.

ఏసుపాదం కింది గాటు ముందు పెడతాడు,
తర్వాతే పైకోత.
తిరగేసి కోస్తే తోలు చీరుకుంటూ
కొమ్మ మాను దాకా వస్తుంది.
రంపం గొంతు మారగానే తెలుస్తుంది నాకు,
ఇంక రెండు ఊపిర్లు.
"అక్కా!"
"ఊఁ!"

కొమ్మ పడదు.
కూలబడి, ఆగి,
గాల్లో సగం తిరిగి, ఏదో ఆలోచిస్తుంది.
మోకు బెరడు మీద మూలుగుతుంది.
అప్పుడు వదలాలి, జానెడు జానెడు,
కాగే నూనెలోకి బజ్జీ జారవిడిచినట్టు,
చిట్లకుండా.

పోయినేడు పట్టాభిపురంలో
వానకి బెరడు నాని జిగురెక్కింది.
రెండు చుట్లు చాలనుకున్నాను.
మోకు పరుగెత్తింది.
వదిలెయ్యమని అందరూ అరిచారు, వదల్లేదు.
కింద ఎవరిదో స్కూటరుంది మరి.
అది మూడేళ్ళుగా నడవని స్కూటరట,
ఆ సంగతి ఆస్పత్రిలో చెప్పారు.
ఇప్పటికీ పచ్చడన్నం కలిపితే
అరచేతిలో ఎక్కడ మండుతుందో
కళ్ళు మూసుకుని చూపిస్తాను.

ఇవాళ చివరిది అన్నిటికన్నా పెద్దది,
దర్జీ హుస్సేనయ్య రేకుల షెడ్డు మీదికి వాలింది.
ఆయన మిషను మోసుకుపోయి
ఎదురుగా రోడ్డు మీదే కుట్టుకుంటున్నాడు,
రేపటి జాకెట్లు.
మూడు చుట్లు వేశాను.
మా పిల్లాడు పక్కతాడు పట్టుకుని
రోడ్డు వైపు లాగుతున్నాడు.
ముందు ఆకులు తాకాయి,
రేకు మీద చినుకులు మొదలైనట్టు.
అంతే చప్పుడు.
హుస్సేనయ్య పెడలు ఆపి చూశాడు,
మళ్ళీ తొక్కాడు.

నాలుగింటికి
మోకు దూర్చడానికి పంగ కూడా మిగల్లేదు.
మొండి మాను,
దాని నడుముకి తాడు ఒరిసిన మూడు గీతలు,
నున్నగా, నల్లగా.
అడితివాడు అవి చూపించి
టన్నుకి వంద తగ్గించాడు.

సాయంత్రం రేషన్ షాపులో వేలు పెట్టాను.
పడలేదు.
కొంగుకి తుడుచుకుని పెట్టాను.
పక్క వేలు పెట్టాను.
"నీ వేళ్ళకి గీతల్లేవమ్మా,
కన్ను పెట్టు" అన్నాడు డీలరు.
పెట్టాను,
పొద్దున్నుంచీ పైకే చూసిన కన్ను,
రెప్పల సందున ఇంకా రంపప్పొట్టు.
"రెప్ప ఆడించకు" అన్నాడు.

ఎవరికి చెబుతున్నావు నాయనా.